ఇరవై ఆరో పుంజీ

లెక్కల్లో నన్ను మించినవాడు గోదావరి పాయకు ఇటువైపున ఇంతవరకు పుట్టలేదు. ఇది నా అంతట నేను చెప్పుకునే మాట కాదు, ఊరు ఊరంతా ఒప్పుకున్న మాట. నేను ఐదో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరుగారు పడవ దిగి మా బడికి వచ్చి, నల్లబల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక భాగహారం వేశారు. ఆయన సుద్దముక్క కింద పెట్టేలోపు నేను జవాబు చెప్పేశాను. చేతిలో ఉన్న గొడుగు నా చేతిలో పెట్టి, జోరున కురుస్తున్న వానలో తడుసుకుంటూ వెళ్ళి పడవెక్కారు. ఆ గొడుగు చాలా ఏళ్ళు మా ఇంటి దూలానికి వేలాడింది.

నా పేరు సత్యదుర్గారావు. వయసు డెబ్భై మూడు. రాజోలు దాటాక వచ్చే లంకల్లో మాదొకటి. నేను బతుకంతా చేసిన పని కొబ్బరికాయల లెక్క.

అందులో లెక్కేముందని బస్తీవాళ్ళు అడుగుతారు. చెబుతాను. చెట్టెక్కి దింపు తీసిన కాయను చెట్ల మధ్య రాశి పోస్తారు. ఆ రాశి ముందు వంగి, చేతికి రెండేసి కాయలు తీసి, రెండు చేతులవీ ఒక్క ఊపులో అవతలికి విసరాలి. ఆ నాలుగు కాయలను పుంజీ అంటాం. ఇరవై అయిదు పుంజీలు పడితే వంద. అక్కడితో ఆగకూడదు. ఇరవై ఆరో పుంజీ కూడా విసరాలి. అది కొసరు. వంద కాయల్లో లోపల కుళ్ళినది ఒకటి, నీళ్ళు ఇంకిపోయినది ఒకటి ఉండకపోవు. ఆ నష్టం కొన్నవాడి నెత్తిన పడకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. ఇరవై ఆరూ పడ్డాక ఒక కొబ్బరి పీచు డొక్క ముక్క పక్కన పెడితే అది వందకు గుర్తు. అలా మా లంకలో వంద కాయలంటే నూట నాలుగు. దీన్ని ఎవరూ అడగరు, ఎవరూ విడమరచి చెప్పరు. పుట్టిన పిల్లకు కూడా తెలుసు.

నేను విసురుతుంటే మా ఆవిడ కాంతం పక్కన పీట వేసుకుని కూర్చునేది. నలభై ఎనిమిదేళ్ళు కూర్చుంది.

మొన్న వినాయక చవితి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్న కాంతం కాఫీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. కాస్త నడుం వాల్చి వస్తానని మంచమెక్కింది. అంతే.

నాకు ఏమీ అనిపించలేదు. అనిపిస్తుందేమోనని చూశాను. మస్కట్‌లో బండి తోలే మా అబ్బాయి హరిబాబు వచ్చి, చేయవలసినవన్నీ చేయించి, పదమూడో రోజున మళ్ళీ విమానమెక్కాడు. వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. ఒకరోజు పులుసులో ఉప్పు వేయడం మరిచానని మా కోడలు ఉమామహేశ్వరి నాలుక కరుచుకుంది. నేను అప్పటికే రెండోసారి కలుపుకుని తినేశాను. వాన పడుతుంటే వాన అనుకునేవాణ్ణి. ఎండ కాస్తే ఎండ అనుకునేవాణ్ణి. జోకులు మాత్రం వేస్తూనే ఉన్నాను. అలవాటు పడిన నోరు కదా, దానికి ఇంట్లో ఏం జరిగిందో తెలియదు.

మనవరాలు అమ్ములుదీ అదే పద్ధతి. దానికి పదేళ్ళు, ఊళ్ళో బడిలో ఐదో తరగతి. పుట్టినప్పటి నుంచి మామ్మ పక్కలో పడుకున్న పిల్ల. లెక్కలన్నీ మామ్మ దగ్గరే నేర్చింది. మామ్మ పోయాక పదిహేను రోజులు బడికి వెళ్ళలేదు. తరువాత వెళ్ళింది గాని, వెళ్ళడం ఒళ్ళే వెళ్ళింది. లేపితే లేచేది, తినమంటే తినేది, అడిగితే తల ఊపేది.

ఒక ఆదివారం పొద్దున్న ఉమ లెక్కల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"మావయ్యగారూ, మీ మనవరాలిని చాప మీద కూర్చోబెట్టేరంటండి."

"మంచిదే కదమ్మా. బల్ల మీంచి పడితే దెబ్బ తగులుద్ది గాని చాప మీంచి ఎక్కడికి పడుద్ది?"

"వెటకారాలు కాదండీ. మూడో తరగతి పిల్లల్తో పాటండి. వరండాలో. మధ్యాహ్నం భోజనం బెల్లు నుంచి ఇంటి బెల్లు దాకానండి."

విషయం ఇదీ. బడిలో మార్తమ్మగారని లెక్కల టీచరు. రాజోలు నుంచి స్కూటీ మీద వస్తారు. వాళ్ళ నాన్నగారూ బడిపంతులే, తాతగారూ బడిపంతులే. పిల్లలకు లెక్క చేయడం వస్తోంది గాని లెక్కలోని మాట అర్థం కావడం లేదని ఆవిడ కనిపెట్టారు. కూడమంటే కూడతారు, 'చుట్టుకొలత ఎంత' అంటే తెల్లమొహం వేస్తారు. అందుకని ఇరవై మాటలు ఇరవై అట్టముక్కల మీద రాసి, బిస్కెట్ల డబ్బాలో వేశారు. ప్రతి శనివారం పేరు పిలుస్తారు. పిలిచిన పిల్ల లేచి, డబ్బాలోంచి ఒక్కొక్క ముక్కా తీసి, ఆ మాటను సొంతంగా చెప్పాలి, అక్కడున్న వస్తువులతో చేసి చూపించాలి. పుస్తకంలో ఉన్నది అప్పజెబితే చెల్లదు. ఇరవైకి పదహారు రావాలి. రానివాళ్ళు మధ్యాహ్నం పూట చాప మీద కూర్చుని కిందనుంచి మళ్ళీ నేర్చుకోవాలి.

అమ్ములు రెండు శనివారాలు లేచి నిలబడి, డబ్బా వైపు చూసి, కూర్చుంది.

"ఈ వచ్చే శనివారం కూడా చెప్పకపోతే అర్ధ సంవత్సరం పరీక్షల దాకా అక్కడేనంటండి," అంది ఉమ. "బల్ల మీద దాని చోట్లో, దాని నేస్తం పింకీ పక్కన, ఇంకో పిల్లని కూర్చోబెట్టేస్తారంట. మీరేమన్నా చెప్పండి. లెక్కల్లో మీరు ఘనులు కదా."

కోడలు నాకు చురక తగిలించిందో, నిజంగానే అందో తేల్చుకోలేకపోయాను. గుమ్మం దగ్గర నిలబడి అమ్ములు వింటోంది.

"తాతయ్యా," అంది. "నేను చాప మీద కూర్చోను."

గొంతులో కోపం లేదు, బెంగ లేదు. ఇవాళ ఆదివారం అన్నట్టు అంది. కాని కాంతం పోయాక ఆ పిల్ల తనంతట తాను చెప్పిన మాట అదే మొదటిది.

"కూర్చోవద్దు," అన్నాను. "పుస్తకం తియ్యి."

ఇప్పటి పుస్తకాలు వింతగా ఉన్నాయి. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. ఒకే లెక్క రెండుసార్లు. మా రోజుల్లో ఒకసారి రావడమే గగనం.

"కారణాంకం అంటే ఏంటి తాతయ్యా?"

"అదా? మా రోజుల్లో దాన్ని వేరే పేరుతో పిలిచేవారు."

"ఏ పేరుతో?"

"మర్చిపోయేను. ఇంగ్లీషులో ఏమని ఉంది?"

"ఫ్యాక్టర్."

"ట్రాక్టర్‌కి చెల్లెలేమో చూడు."

అమ్ములు నవ్వలేదు. పుస్తకం మూసింది.

"నీకు తెల్దు కదా తాతయ్యా."

ఇక దాచి లాభం లేదు. మీకూ చెప్పేస్తాను, ఎలాగూ చెప్పవలసిందే. నేను ఐదో తరగతి గుమ్మం తొక్కలేదు. మూడులో రెండేళ్ళు, నాలుగులో మూడేళ్ళు కూర్చున్నాను. నాకూ మేష్టారికీ ఒకేసారి విసుగు పుట్టి, ఇద్దరం కలిసి నన్ను మాన్పించేశాం. ఇన్‌స్పెక్టరుగారు పడవలో వచ్చిన మాట నిజం. ఆయన పడవ దిగడం చూసి నేను కిటికీలోంచి దూకి అరటితోటలో పడ్డ మాటా నిజమే. గొడుగు మా మేనమామది. ఆయన మరిచిపోయి వెళ్ళాడు, మేము గుర్తు చేయలేదు. ఇక కొబ్బరికాయల సంగతి. విసిరింది నేను. లెక్కపెట్టింది కాంతం. చేతులు నావి, నోరు ఆవిడది. నాకు పదకొండు పుంజీలు దాటితే పన్నెండోదీ పదిహేనోదీ ఒకేలా కనిపిస్తాయి. నలభై ఎనిమిదేళ్ళూ ఊరు నన్ను లెక్కల దుర్గారావు అంటుంటే ఆవిడ పీట మీద కూర్చుని కిసుక్కున నవ్వేది గాని ఒక్కరోజు కాదనలేదు.

ఇదంతా అమ్ములుకు చెప్పాను.

"నాకు తెల్సు," అంది.

"ఎవరు చెప్పేరు?"

"మామ్మే. తాతయ్య గొప్పలు చెప్తే ఊఁ కొట్టు, పాపం, అంది."

"పాపం అందా?"

"అంది."

సరే. రహస్యం బట్టబయలయ్యాక చదువు తేలికవుతుంది. పుస్తకంలో ఉన్నది పిల్ల పైకి చదవాలి, అది దేని గురించో నేను పెరట్లో వెతకాలి. ఇదీ మా ఒప్పందం.

ఆ సాయంత్రం ఇరవై నాలుగు కాయలు తెచ్చి పోశాను. నాలుగేసి పెడితే ఆరు వరసలు వచ్చాయి. మూడేసి పెడితే ఎనిమిది. రెండేసి పెడితే పన్నెండు. అయిదేసి పెడితే నాలుగు కాయలు దిక్కులేనివై నిలబడ్డాయి. ఏ అంకెతో పెడితే వరసలు తెగకుండా వస్తాయో అవే కారణాంకాలని అమ్ములే చెప్పింది. మర్నాడు పదమూడు కాయలు పెట్టాం. ఎన్ని రకాలుగా తిప్పినా ఒంటి వరస తప్ప వేరే వరసకు లొంగలేదు. ప్రధాన సంఖ్యంటే ఇదేనంది. "మన మరిడమ్మ పిన్ని లాంటిదన్నమాట. ఎవరితోనూ కలవదు," అన్నాను. అమ్ములు ఊఁ కొట్టింది.

పుంజీ తర్వాత పుంజీ వేసుకుంటూ పోతే వచ్చే నాలుగు, ఎనిమిది, పన్నెండు నాలుగుకు గుణిజాలు. యాభై కాయలు పుంజీలు కడితే పన్నెండు పుంజీలు పోగా చేతిలో ఆగిపోయిన రెండూ శేషం. కొబ్బరి చిప్పను ఎనిమిది ముక్కలు చేశాం. చేసిన ముక్కలు హారం, తిన్న ముక్కలు లవం. నేను మూడు తిన్నాను, అది రెండు తింది. తీపో చప్పనో ఇద్దరం చెప్పలేదు.

చుట్టుకొలత దగ్గర నేను కొంచెం పుంజుకున్నాను.

"ఒకసారి అంతర్వేది దగ్గర సముద్రానికి దడి కట్టమని నాకు బేరం వచ్చింది తెల్సా?"

"సముద్రానికి దడేంటి?"

"చేపలు మేతకి బయటికి పోకుండా. చుట్టుకొలత చూసి రమ్మన్నారు. తాడు పట్టుకుని బయల్దేరేను. మధ్యాహ్నానికి సగం వెళ్ళేను. ఆకలేసి వచ్చేసేను."

"ఊఁ," అంది అమ్ములు.

ఆ ఊఁ ఎలా కొట్టాలో ఎవరు నేర్పారో ఇప్పుడు తెలుసు కాబట్టి నేను ఆపేశాను. మా పెరటి దడినే అడుగులతో కొలిచాం. దడికి ఎంత పొడుగు కావాలో అది చుట్టుకొలత. "లోపల ఎన్ని చాపలు పడతాయో అది వైశాల్యం," అన్నాను.

"చాప అనకు. తడక అను."

"తడక."

ఇలా వారమంతా సాగింది. పాఠం బాగానే నడిచింది గాని, మేమిద్దరం అందులో ఉన్నామని నేను చెప్పలేను. నా గొంతు నాకే పక్కింట్లోంచి వినపడుతున్నట్టు ఉండేది. అమ్ములు కాయలు జరిపేది, జవాబు చెప్పేది, మళ్ళీ చేతులు ఒళ్ళో పెట్టుకునేది. ఒప్పయితే ఒప్పు, తప్పయితే తప్పు. రెండింటికీ దాని మొహం ఒకటే.

శుక్రవారం మా పెరట్లో దింపు. కాంతం పోయాక ఇదే మొదటిది. పొద్దుటి నుంచి చెట్లెక్కి తీశారు. నాలుగు గంటలకు రాశి తయారైంది. కాయలు కొనే శివాజీ అంబాజీపేట నుంచి వ్యానుతో వచ్చాడు. వచ్చి, రాశి చూశాడు, నన్ను చూశాడు, ఖాళీ పీట చూశాడు.

"బాబాయిగారూ, ఏమీ అనుకోపోతే లెక్కకి మా మనిషిని పెట్టమంటారా?"

"పెట్టు. నాకేం?" అన్నాను.

అప్పుడే బడి నుంచి వచ్చిన అమ్ములు సంచీ అరుగు మీద పెట్టి, వెళ్ళి పీట మీద కూర్చుంది.

"నేను చెప్తానండి లెక్క," అంది.

శివాజీ నా వైపు చూశాడు. నేను పంచె ఎగగట్టాను.

విసరడం మొదలుపెట్టాను. "ఒకటీ... రెండూ... మూడూ..." అంకె అంకెకూ చివర చిన్న సాగదీత. ఇరవై అయిదు దగ్గర ఒక ఊపిరి. ఇరవై ఆరును మాత్రం గొంతు తగ్గించి, పక్కన ఉన్నవాడికి చెప్పినట్టు చెప్పడం. అది కాంతం బాణీ. ఉన్నది ఉన్నట్టు దిగిపోయింది. ఆ బాణీ చెవిన పడితే ఏదో ఒకటి అవుతుందని నా మీద నేనే కన్నేసి ఉంచాను. ఏమీ కాలేదు. చేతులు వంగుతున్నాయి, తీస్తున్నాయి, విసురుతున్నాయి.

"తాతయ్యా, మూడే పడ్డాయి."

చూశాను. మూడే. ఇంకొకటి విసిరాను.

పదకొండు వందల మీద పద్నాలుగు పుంజీలు తేలాయి. శివాజీ మనిషి విడిగా గీతలు పెట్టుకున్నాడు. అతనికీ అంతే వచ్చింది. "పిల్ల ఘటికురాలేనండి బాబాయిగారూ," అన్నాడు శివాజీ. అమ్ములు పీట తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టింది.

శనివారం నేనూ బడికి వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. ఇంట్లో కూర్చున్నా చేసేదేమీ లేదు. మార్తమ్మగారు గుమ్మంలో ఎదురొచ్చారు. పొడుగ్గా, కళ్ళద్దాలతో ఉంటారు.

"రండి తాతగారూ, కూర్చోండి. మనవరాలికి సాయం మాత్రం చెయ్యకూడదండోయ్."

"నాకొస్తే కదండీ సాయం చేసేది."

కిటికీ పక్కన ముక్కాలి పీట వేశారు. వరండాలో చాప పరిచే ఉంది. దాని మీద అమ్ములు సంచీ ఉంది. శనివారం పరీక్ష అయ్యాక సంచీ అక్కడే ఉంటుందో, తరగతిలోకి వస్తుందో తేలుతుంది. రెండో వరస బల్ల మీద పింకీ ఒక్కతే కూర్చుంది. పక్క చోట్లో తన పుస్తకాలు పరిచింది, ఎవరూ కూర్చోకుండా.

పేరు పిలిచారు. అమ్ములు లేచింది. డబ్బా ముందుకు వెళ్ళింది. బల్ల మీద చింతపిక్కలు, తాడు, కాగితాలు, పుల్లలు ఉన్నాయి. మొదటి ముక్క తీసింది. గుణిజం. రెండు చేతులా చింతపిక్కలు తీసి పుంజీలు పేర్చింది. టీచరు తల ఊపారు. రెండోది శేషం. మూడోది చుట్టుకొలత, తాడు తీసి బల్ల చుట్టూ తిప్పింది. వైశాల్యం అడిగితే బల్ల మీద కాగితాలు పరిచి, "తడకలండి," అంది.

నాలుగు మాటలు తప్పాయి. సౌష్ఠవం, దశాంశం, వికర్ణం మాకిద్దరికీ చేతకాక వదిలేసినవి. వ్యాసార్థం మాత్రం నా పుణ్యమే. అది వ్యాసమహర్షికి సంబంధించినదని చెప్పాను. పిల్ల అది చెప్పకుండా ఊరుకుంది, నా పరువు దక్కింది.

పంతొమ్మిది ముక్కలు అయ్యేసరికి పదిహేను. డబ్బాలో ఇంకొక్కటే ఉంది. అది వస్తే బల్ల, రాకపోతే చాప.

అమ్ములు తీసి చదివింది. "శాతం."

ఐదో తరగతి పుస్తకంలో ఆ మాట లేదు. రోజూ టీవీలో వింటున్నారు కదా అని టీచరు చేర్చారట. మేము ఆ మాటను ఒక్క సాయంత్రం చూశాం, అదీ పైపైన.

"శాతం అంటే?"

"నూటికి ఎన్నో చెప్పడం అండి."

"బాగుంది. ముందు నూరు చూపించు."

అమ్ములు చింతపిక్కల ముందు వంగింది. ఈ చేతికి రెండు, ఆ చేతికి రెండు. పెట్టుకుంటూ పోయింది. పెదాలు కదులుతున్నాయి. ఇరవై అయిదు దగ్గర ఒక ఊపిరి పీల్చింది. నాకు అర్థమైంది. వద్దే అనుకున్నాను. ఇంకో నాలుగు పెట్టింది.

ముందు బల్ల మీద కళ్యాణ్ అని ఒకడు, మోకాళ్ళ మీద లేచి వేలితో గాలిలో లెక్క పెడుతున్నాడు.

"టీచర్! నూట నాలుగు పెట్టింది టీచర్! దీనికి నూరు కూడా రాదు టీచర్!"

తరగతి గొల్లుమంది.

"అమ్ములూ, ఎన్ని పెట్టావు?" అన్నారు మార్తమ్మగారు.

"నూరండి."

"ఒక్కొక్కటీ లెక్కపెట్టు."

పెట్టింది. తొందరపడలేదు. "నూట నాలుగండి."

"మరి నూరన్నావు?"

"నూరేనండి."

మళ్ళీ నవ్వారు. నేను లేచాను. "అది దాని తప్పు కాదండి, మా..."

"తాతగారూ, కూర్చోవాలండీ."

"ఆయ్," అని కూర్చున్నాను.

మార్తమ్మగారు పిల్ల వైపు తిరిగారు. "తప్పంటున్నాను. కాదంటావా?"

అమ్ములు చింతపిక్కలు చూస్తూ చెప్పింది. "మా మామ్మ అలాగే చెప్పేదండి. కాయలు నూరు అంటే ఇరవై అయిదు పుంజీలండి. కొనుక్కున్నోళ్ళు ఇంటికి పట్టికెళ్ళేక కొన్ని కుళ్ళుతాయండి. అప్పుడు కూడా వాళ్ళకి నూరు ఉండాలి కదండి. అందుకని ఇంకో పుంజీ వెయ్యాలండి." చివరి నాలుగు పిక్కల్నీ చేత్తో పక్కకు జరిపింది. "ఇది నూరండి. ఇది కొసరండి."

"కాయలు కుళ్ళుతాయి గాని చింతపిక్కలు కుళ్ళవు టీచర్!" అన్నాడు కళ్యాణ్.

"నువ్వు కూర్చోరా. వికర్ణం నువ్వూ చెప్పలేదు." మార్తమ్మగారు కళ్ళద్దాలు సర్దుకుని బల్ల దగ్గరికి వచ్చారు. పక్కకు జరిపిన నాలుగింటి మీద వేలు పెట్టారు. "నూటికి ఇన్ని కొసరు. అంతేనా?"

"ఆయ్ అండీ."

"అయితే కొసరు ఎంత శాతం?"

నాకు తెలియదు. తెలియదు కాబట్టి సాయం చేసే ప్రమాదం కూడా లేదు. అమ్ములు నాలుగు పిక్కల్నీ చూసింది, నూరింటినీ చూసింది.

"నాలుగు శాతమండి."

"ఇంగ్లీషులో?"

"ఫోర్ పర్సెంట్ అండి."

మార్తమ్మగారు పుస్తకంలో పదహారు వేశారు. "ఒక సంగతి గుర్తుపెట్టుకో. పరీక్ష కాగితం మీద నూరంటే నూరే. అక్కడ ఏవీ కుళ్ళవు. సరేనా?"

"ఆయ్ అండీ."

"సంచీ తెచ్చుకో."

అమ్ములు వరండాలోకి వచ్చి చాప మీది సంచీ తీసింది. లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగి, పరుగున వచ్చి నా పంచె పట్టుకుని, "మామ్మా!" అని ఒక్క కేక పెట్టి బావురుమంది. ఇన్నాళ్ళదీ ఒక్కసారి వరదలా తెగింది. నేను దాన్ని పొదివి పట్టుకుని, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాను. మార్తమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కళ్యాణ్ గాడు కూడా ముక్కు ఎగబీల్చాడు.

ఇదిగో, ఈ ఏడుపులు నేను కల్పించినవి. సముద్రానికి దడి లాంటివి మీరే పసిగట్టి ఉంటారు, వాటి మాట వదిలేయండి. బడిలో జరిగిందంతా జరిగినట్టే చెప్పుకుంటూ వచ్చాను. ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు ఏడిస్తే బాగుండుననిపించింది, అందరినీ ఏడిపించేశాను. జరిగింది వేరు. అమ్ములు సంచీ తీసుకుని నా ముందు నుంచే వెళ్ళింది, నా వైపు చూడలేదు. పింకీ పుస్తకాలు తీసి చోటిచ్చింది. అమ్ములు కూర్చుని, ఎవరో ఏ పేజీ అంటే ఆ పేజీ తీసింది. టీచరు తరువాతి పేరు పిలిచారు. నేను కాసేపు ఆ ముక్కాలి పీట మీదే ఉండి, చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చాను. "ఏమైందండీ?" అంది ఉమ. "బల్ల మీద కూర్చుంది," అన్నాను. అన్నం పెట్టింది, తిన్నాను. ఎవరూ ఏడవలేదు.